కొమ్ము లేని ఆవు

ఏడుకొండలుకు ఇరవై ఆరేళ్లు. బర్మాలో, రంగం పట్నంలో, ఈ కాలంలో మగవాడికి ఉండకూడని వయసు అది. పటాలంలో చేరాల్సినవాళ్ల జాబితాలు వీధివీధికీ తయారవుతున్నప్పటినుంచీ ఆ వయసువాళ్లు పగటిపూట కూడా గోడవారగా నడుస్తున్నారు. నడవక్కర్లేనివాళ్లు అసలు గుమ్మమే దాటడం లేదు. ఏడుకొండలు గుమ్మం దాటకుండా బతకగలుగుతున్నాడంటే దానికి కారణం వాళ్లమ్మ పెట్టే ఆవకాయ.

బడిలో రాయించిన పేరు ఆంగ్ నాయింగ్. వీధిలో కో ఆంగ్. ఇంట్లో కొండ. వాళ్ల నాన్న బాపిరాజు చిమిండైంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసి మోసి, కరోనా ఏడాది ఆక్సిజన్ సిలిండరు కోసం కొడుకు వరసలో నిలబడి ఉండగానే పోయాడు. తల్లి వీరలక్ష్మి అదే చిమిండైంగ్ బజారులో ముప్పై ఏళ్లుగా ఒక బుట్ట, రెండు జాడీలు పెట్టుకుని కూర్చుంటుంది. కొండ ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో నాలుగేళ్లు పనిచేశాడు. జాబితాలు మొదలయ్యాక పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోలేక తల్లి జాడీలోంచి గాజుసీసాల్లోకి ఆవకాయ ఎత్తి, ఫొటోలు తీసి, ఊరంతా వాడే ఒక అమ్మకాల యాప్‌లో దుకాణం తెరిచాడు.

ఆ దుకాణం నడిచింది. రెండేళ్లలో నాలుగు వందల పన్నెండు మంది దానికి నక్షత్రాలు ఇచ్చారు. ఎక్కువమంది బర్మావాళ్లే. తెలుగువాళ్లు కొంటే నక్షత్రాలివ్వరు, ఫోన్ చేసి ఉప్పు కాస్త ఎక్కువైందని చెబుతారు. సీసా మీద చీటీలో ఆవకాయ అన్న మాట వీరలక్ష్మి చేతిరాతే. ఆవిడకి తన పేరు కాక రాయడం వచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి. లావుపాటి మార్కరుతో ఒకసారి రాయించి, దాన్నే వందలకొద్దీ అచ్చు వేయించాడు. ఆ గుండ్రటి అక్షరాలు బర్మా అక్షరాలకి దూరపు చుట్టాల్లా ఉంటాయని, చూడముచ్చటగా ఉన్నాయని చాలామంది రాశారు. చదవగలిగినవాళ్లు లేరు గనుకే అవి ముచ్చటగా ఉన్నాయన్న సంగతి అప్పటికి అతనికి తోచలేదు.

వానలు మొదలైన రెండో వారంలో ఒక మంగళవారం పొద్దున్న కరెంటు వచ్చి, ఫోన్ ఛార్జింగుకి పెట్టగానే ఆ రివ్యూ కనిపించింది. ఒక్క నక్షత్రం. రాసినావిడ పేరు డా తూజా, డా అంటే బర్మావాళ్లు పెద్ద ఆడవాళ్లని పిలిచే మర్యాద. "ఈ పచ్చట్లో గొడ్డు కొవ్వు ఉంది. సీసా మీద వాళ్ల భాషలో ఆవు అనే రాసుకున్నారు. ఆ భాష వచ్చినవాళ్లే చదివి చెప్పారు. పైన తేలే ఎర్రనూనె అదే. గొడ్డు మాంసం ముట్టనివాళ్లు జాగ్రత్త" అని బర్మాలో రాసి ఉంది. కింద సీసా ఫొటో. చీటీ మీద మొదటి రెండక్షరాలు, ఆ, వ, వాటి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది.

కొండ మొదట నవ్వాడు. నువ్వులనూనెలో ఆవు దొరికిందన్న సంగతి తల్లికి చెప్పి నవ్వించాలనుకున్నాడు కూడా. మధ్యాహ్నానికి అలాంటివి తొమ్మిది అయ్యాయి. సాయంత్రానికి ముప్పై ఒకటి. వాటిలో నిజంగా సీసా కొన్నవాళ్లు ఇద్దరే. మిగిలినవాళ్లు ఎవరో పంచిన ఫొటో చూసి, మొహం కూడా తెలియని మనిషి మీద ఉమ్మేసి పోయినవాళ్లు. ఈ దేశంలో చాలా ఇళ్లల్లో గొడ్డు మాంసం తినరు. దున్నిపెట్టిన ఎద్దుని ఎలా తింటామంటారు. వాళ్లకి వచ్చిన కోపం అబద్ధం కాదు. ఆ కోపానికి దొరికిన మనిషే తప్పు.

యాప్‌వాళ్లకి ఫిర్యాదు పెట్టాడు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: రివ్యూ అనేది కొన్నవారి సొంత అభిప్రాయం, తొలగించలేము. మళ్లీ పెట్టాడు. మళ్లీ రెండు నిమిషాలు, మళ్లీ అదే వాక్యం. ఆరోసారికి అతనికి అర్థమైంది, అటువైపు మనిషి లేడని. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ఆ నెలలో వచ్చిన రివ్యూల సగటు మూడు నక్షత్రాలకి తగ్గి పదిరోజులు అలాగే ఉంటే దుకాణం మూసేస్తారు. ఆ గుర్తింపు కార్డు మీద, ఆ ఫోన్ నంబరు మీద మళ్లీ తెరవనివ్వరు.

ఒక్కో రివ్యూకి అమ్మినవాడు ఒక్కసారే జవాబు రాయొచ్చు. డా తూజా రివ్యూ కింద ఏం రాయాలో కొండ రెండు గంటలు ఆలోచించాడు. చివరికి, "ఆవ అంటే మొన్‌న్యిన్ గింజ, పొడి చేసి కలుపుతాం. న్వాని మా భాషలో ఆవు అంటారు. రెండూ వేరు" అని బర్మాలో రాసి పంపాడు. పంపాకగానీ చూసుకోలేదు. బర్మా లిపిలో ఆవకీ ఆవుకీ అక్షరం అడుగున ఒక్క గీతే తేడా. చదివినవాళ్లు పడీపడీ నవ్వారు. తేడా గీతంతే అయితే కొవ్వు కూడా గరిటెడే వేసి ఉంటాడని ఒకడు రాశాడు. దానికి రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. మార్చుకుందామంటే జవాబు ఒక్కసారే.

వీరలక్ష్మికి సంగతి బజారులో తెలిసింది. పక్కన ఎండుచేపలమ్మే ఆవిడ ఫోన్‌లో చూపించిందట. ఆవిడ జాడీలమీద గుడ్డ కప్పేసి, మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. కొడుకు ఎంత సర్ది చెప్పినా వినిపించుకోకుండా చాలాసేపు గడప మీద కూర్చుంది. తర్వాత ఫోన్ తెమ్మని, ఆ ఫొటో పెద్దది చేయించుకుని చూసింది.

"ఒరే కొండా, బర్మావోలికి మన అచ్చరాలు ఏటి తెలుసురా?" అంది. "ఇది మనోలు సదివినదే. ఎవులో సగం సదువు సదివినోలు."

ఈ ముక్క తనకి తట్టనందుకు కొండ సిగ్గుపడ్డాడు. వెంటనే ఆర్డర్లు తిరగేశాడు. డా తూజా పేరుతో ఏ సీసా పోలేదు. ఆవిడ రివ్యూ కింద ఊరి పేరు మాత్రం మింగళాడోన్ అని ఉంది. ఆ వారం మింగళాడోన్‌కి వెళ్లినది ఒక్కటే ఆర్డరు, రెండు సీసాలు. పేరు ఫెయిత్. చిరునామాలో ఇంటిపెద్ద పేరు హెరాల్డ్ అని ఉంది, తెలుగు బాప్టిస్టు చర్చి వెనక అని కూడా ఉంది.

"కిరస్తానపోలే," అని వీరలక్ష్మి ఒక్కమాటలో తేల్చేసింది. "ఆలకి ఆవు కాక ఏటి గుర్తొస్తాది."

కొండకి తల్లి మీద కోపం వచ్చింది. ఇప్పటిదాకా ముప్పై మంది మనల్ని అంటున్నది ఇదే పద్ధతిలో కదా అన్నాడు. అతను అక్కడికి వెళ్తాననగానే ఆవిడ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది. మింగళాడోనంటే పటాలం వాకిలే. బస్సులెక్కి కార్డులు చూసేది ఆ దారిలోనే. పచ్చడి పోతే పోనీ, దుకాణం పోతే పోనీ అంది. దుకాణం పోతే రోజూ ఆ దారినే తిరిగి పని వెతుక్కోవాలి కదా అని కొడుకు అన్నాక అడ్డు తొలగింది.

ఆదివారం, చర్చి విడిచే వేళకి చేరేలా బయల్దేరాడు. ఒళ్లో అట్టపెట్టె పెట్టుకున్నాడు. చేతిలో సరుకున్నవాడు పనిమీద పోతున్నవాడిలా కనిపిస్తాడని అతని లెక్క. విమానాశ్రయం రోడ్డు మలుపులో బస్సు ఆపారు. ఇద్దరు ఎక్కారు. కార్డు చూశారు, మొహం చూశారు, మళ్లీ కార్డు చూశారు. పెట్టెలో ఏముందని అడిగితే పచ్చడి అన్నాడు. ఏం పచ్చడి అని అడగలేదు. అడిగి ఉంటే పేరు చెప్పడానికి తనకి నోరు వచ్చేది కాదని, బస్సు మళ్లీ కదిలాక అతనికి తెలిసింది.

హెరాల్డ్‌కి డెబ్బై దాటాయి. చర్చిలో ఆదివారం పిల్లలకి తెలుగు నేర్పేది ఆయనే. కొండ కథంతా వినేదాకా మంచినీళ్లు తాగమనలేదు, విన్నాక టీ పెట్టించాడు. మనవరాలు ఫెయిత్‌కి ఇరవై ఉంటాయి, బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాస్తుంది. తెలుగులో అడిగితే బర్మాలో జవాబు చెబుతుంది. ముసలాయన కళ్లజోడు పెట్టుకుని సీసా ఆమె ముందుంచాడు.

"ఇక్కడేటున్నాదే, సదువు."

"ఆ... ఆవు," అంది ఫెయిత్.

"కొమ్మేదీ?"

"ఏ కొమ్ము, తాతా?"

"వ కింద కొమ్మే. కొమ్ముంటే వు అవుతాది. ఇక్కడ నేదు కదా. కొమ్ము నేని ఆవుని నువ్వెక్కడ సూసినావే?"

ఫెయిత్ సీసాని దగ్గరికి తీసుకుని చూసింది. ఒక్కసారి నవ్వొచ్చి, అంతలోనే చేత్తో నోరు మూసుకుంది. ఆ గుంటకి వచ్చిన తెలుగంతా గోడకి వేలాడే ఆ అక్షరాల పటంలోదేనని, అ కింద అమ్మ, ఆ కింద ఆవు, అంతకుమించి తను నేర్పలేకపోయానని హెరాల్డ్ కొండతో అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

జరిగింది ఆమె నెమ్మదిగా చెప్పింది. డా తూజా ఆమె పైఅధికారి. ట్వంటే పక్క వరిపల్లెలో పుట్టినావిడ. ఫెయిత్ మధ్యాహ్నం అన్నంలోకి తెచ్చిన పచ్చడి రెండురోజులు ఇష్టంగా తిని, చాలా బాగుంది, మీద ఏం రాసి ఉంది అని అడిగింది. అక్కడ తనని ఎవరూ ఏమీ అడగరు. మీ భాషలో ఇదేమిటని అడగడం అదే మొదటిసారి. చదవడం రాదని చెప్పబుద్ధి కాలేదు. మొదటి రెండక్షరాలూ కూడబలుక్కుని, న్వా అని చెప్పింది. ఆవిడ చేతిలో చెంచా కింద పెట్టేసింది. తన తండ్రి ఎద్దులే తమ ఏడుగురినీ పెంచాయని, నలభై ఏళ్లుగా తాకనిది తన నోట్లో పడిందని అందరిముందూ ఏడ్చిందట. అప్పుడు ఫెయిత్‌కి భయం వేసి ఇంకేమీ మాట్లాడలేకపోయింది.

కొండకి ఆ అమ్మాయిని తిట్టాలని ఉంది. దారిపొడుగునా మాటలు కూడా పేర్చుకుని వచ్చాడు. అవేవీ ఇప్పుడు పనికిరాలేదు. ఆవిడకి నిజం చెబితే చాలు, ఆవిడ రివ్యూ తీసేస్తే మిగతావి వాటంతటవే పలచబడతాయి అన్నాడు. ఫెయిత్ బర్మాలో ఏదో గొణిగింది. హాజరు పుస్తకం ఆవిడ చేతిలో ఉంటుందని, కొత్తవాళ్లని ఆ నెలలోనే కొందరిని తీసేస్తున్నారని. బదులుగా పది సీసాలు తను కొంటానంది, స్నేహితురాళ్లచేత అయిదేసి నక్షత్రాలు పెట్టిస్తానంది.

"సోమారం ఎల్లి సెప్పు," అన్నాడు హెరాల్డ్. ఫెయిత్ తలూపింది.

తిరుగుదారిలో బస్సు ఎవరూ ఆపలేదు. కొండకి ఆ రోజు రాత్రి అన్నం రుచించింది. ఆరు రోజులు గడిచాయి, ఇంకా నాలుగున్నాయి.

సోమవారం సాయంత్రం ఫెయిత్ ఫోన్ చేసింది. ఏడుస్తూ మాట్లాడింది, మొదట బర్మాలో, తర్వాత ఎందుకో తెలుగులో.

"నాను సెప్పినాను అన్నా. కొమ్ము సంగతీ సెప్పినాను. రాసి సూపించమన్నాది. రాసినాను."

కాగితం మీద రెండు మాటలూ పక్కపక్కన రాసిందట, ఆవ, ఆవు. డా తూజా కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, నాకు రెండూ ఒకలాగే కనిపిస్తున్నాయి అందట. ఆదివారం ఎవరైనా మీ ఇంటికి వచ్చారా అని అడిగింది. ఫెయిత్‌కి అబద్ధం చెప్పడం రాలేదు. వచ్చారంది. అంతే, ఆవిడ ముఖం మారిపోయింది. ఫెయిత్‌ని లెక్కల బల్ల దగ్గర్నుంచి తీసి, గుండీలు లెక్కపెట్టే చోటికి పంపారు.

ఫోన్ పెట్టేశాక కొండ యాప్ తెరిచాడు. డా తూజా రివ్యూ పెరిగింది. "అమ్మేవాడు ఆ పిల్ల ఇంటికి పోయి బెదిరించాడు. నిన్న ఆవు అన్న పిల్ల ఇవాళ కాదంటోంది. వాళ్లూ వాళ్లూ ఒకటే" అని చేర్చింది. కింద రెండో ఫొటో. ఫెయిత్ రాసిన కాగితం. ఆమె చేతిరాతలో ఆవు అన్న మాట స్పష్టంగా ఉంది, ఈసారి కొమ్ముతో సహా.

అతను ఫోన్‌ని బోర్లించి పెట్టాడు. ఆ పిల్ల తప్పు చదివినప్పుడు ఆవిడకి అది తెలుగు తెలిసిన మనిషి మాట. సరిగ్గా చదివితే తెలుగువాళ్ల మాట. ఇందులోంచి బయటికి ఏ గుమ్మం ఉంది? డా తూజాని తిడదామన్నా ఎద్దుల సంగతి గుర్తొచ్చి తిట్టు సగంలో ఆగిపోతోంది. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు.

గుమ్మం ఒకటి ఉందని యాప్ చెప్పింది. ఆహార పరీక్ష ధ్రువపత్రం తెస్తే రివ్యూలు మళ్లీ పరిశీలిస్తారు. దాన్ని తేవడానికి దుకాణం ఎవరి పేరున ఉందో వాళ్లే సర్కారు ఆఫీసుకి రావాలి. గుర్తింపు కార్డు, ఇంటివాళ్ల జాబితా నకలు చూపించి, పుట్టిన తేదీ రాసి సంతకం పెట్టాలి; పటాలం జాబితాలకి పేర్లు ఎక్కేదీ అలాంటి కాగితాల్లోంచే. నానెల్తానురా, నన్ను పంపు అంది వీరలక్ష్మి. దుకాణం నీ పేరున లేదమ్మా అన్నాడు. రెండేళ్ల కిందట దుకాణం తెరిచేటప్పుడు తల్లి పేరు రాయబోయి, తనకంటూ ఒకటి ఉండాలని తన పేరు రాసుకున్నాడు. ఎవరికీ కనిపించకుండా ఇంట్లో కూర్చున్నవాడికి పేరెందుకు కావాల్సొచ్చిందో అతనికిప్పుడు అర్థం కాలేదు.

తొమ్మిదో రోజున పాత ఫోన్ల దుకాణంలో సహోద్యోగి బాబ్జీ ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పాడు. సరుకుని తీసేస్తే దాని రివ్యూలూ దాంతోపాటే పోతాయి, దుకాణం నిలుస్తుంది. కాకపోతే అదే పేరుతో మళ్లీ పెట్టనివ్వదు, చీటీ ఫొటోని కూడా యంత్రం పసిగడుతుంది. "పేరుదేటుందిరా, వేరేది ఎట్టుకో. కరీదు అదే, కారం అదే," అన్నాడు బాబ్జీ తేలిగ్గా.

కొండ ఆ మధ్యాహ్నం నాలుగు వందల పన్నెండు రివ్యూలనీ మొదటినుంచీ చదివాడు. ఎక్కడెక్కడివాళ్లో. జ్వరం వచ్చి నోరు చేదెక్కితే ఇదే పెట్టుకు తిన్నానని ఒకాయన. మా నాయనమ్మ మీ వాళ్లేనట, ఇది తిన్నాకే నమ్మాను అని ఒకమ్మాయి. సీసా ఖాళీ అయినా చీటీ తీయలేదు, అందులో గుండుసూదులు వేసుకున్నానని ఇంకొకావిడ. ముప్పై ఒక్క మందిని చెరపాలంటే వీళ్లందరినీ చెరపాలి. కొందరివి ఫొటో తీసి దాచుకుందామనుకున్నాడు. ఏం చేసుకోవడానికని మానేశాడు.

సరుకుని తీసేసే ముందు తల్లితో చెప్పాడు. కొత్త పేరు తయెత్‌తీ తనత్ అన్నాడు. బర్మావాళ్లు ఉప్పులో ఊరవేసుకునే మామిడిముక్కల పేరది.

"అది వోలదిరా. మనది కాదు," అంది వీరలక్ష్మి. "నాను ఆవ కొట్టి కలిపినాను. వోలు కలుపుతారేటి?"

కలపరన్నాడు. మరి అడిగినోళ్లకేటి సెప్తావు అంది. అడగరమ్మా, ఎవరూ అడగరు అన్నాడు. ఆవిడ కొత్త చీటీ రాయనంది. నాకు ఆ అక్షరాలు రావు, నువ్వే కొట్టుకో అంది. లోపలికి పోయి, ముక్కలు ఆరబెట్టిన చాప చుట్టేసింది. ఆరాయో లేదో చూసుకోలేదు.

చీటీ లేకుండానే సీసాలు ఫొటో తీశాడు. "నిజంగా తీసేయాలా" అని యాప్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాడు. దుకాణం నిలిచింది. దాని ఎదురుగా నక్షత్రాలుండే చోట ఒక గీత మాత్రం ఉంది.

మూడు వారాలకి, అక్కడా ఇక్కడా ఎవరో కొన్నాక, మొదటి రివ్యూ వచ్చింది. మూడు నక్షత్రాలు. పతేయిన్‌నుంచి ఒకాయన మర్యాదగానే రాశాడు. "తనత్ అనుకుని తెప్పించాను. ఇంత నూనె, ఇంత కారం తనత్‌లో ఉండవు, కాబట్టి మూడే ఇస్తున్నాను. కానీ మా ఇంట్లో రెండు రోజుల్లో సీసా ఖాళీ అయింది. ఇది తనత్ కాదు. మీవాళ్లు దీన్ని ఏమంటారో చెబుతారా, ఈసారి ఆ పేరుతోనే వెతుక్కుంటాను."

జవాబు ఒక్కసారే. కొండ బర్మా అక్షరాల్లో ఆ అని కొట్టాడు. దాని పక్కన ఏం వస్తుందో అతనికి తెలుసు, దాన్ని చూసి ఎవరు ఎర్రటి సున్నా చుడతారో కూడా తెలుసు. లోపల తల్లి రోట్లో ఆవాలు దంచుతోంది, చప్పుడు వినిపిస్తోంది. కొట్టిన అక్షరం చెరిపేశాడు.

"మా ఇంట్లో దీనికి పేరేమీ లేదండి," అని రాసి పంపించాడు.